గంట లేని గుర్రం

పోయిన నెల కర్నూలులో మా తమ్ముడి మనవడి పెళ్లికి పోయాను. కల్యాణ మండపం ముందు పెళ్లికొడుకు కోసం ఒక తెల్ల గుర్రాన్ని తెచ్చి నిలబెట్టారు. కాళ్లకు గజ్జెలు, మెడలో గజ్జెలు, నుదుట అద్దాల పట్టీ. పక్కనే జనరేటర్ బండి, చెవులు చిల్లులు పడే పాటలు. ఆ గుర్రం మాత్రం తల వంచుకుని, ఇదేదీ తనది కాదన్నట్టు నిలబడి ఉంది. నాకేం పుట్టిందో, మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగి దాని దగ్గరికి పోయాను. వెనక నుంచి పోలేదు, ముఖానికి ఎదురుగా పోలేదు. ఎడమ భుజం వైపు నుంచి, నాలుగు అడుగుల ముందే గొంతు వినిపిస్తూ పోయాను. పగ్గం పట్టుకున్న నడివయసు మనిషి నన్ను వింతగా చూశాడు.

"గుర్రాల మర్మం తెలిసినట్టుండాదే అవ్వా నీకు," అన్నాడు. తర్వాత మెడలోని పట్టీని ఒకసారి ఆడించి, "గజ్జెలు బాగుండాయా? కొత్తగా తెప్పించినా," అని అడిగాడు.

మామూలుగా అడిగిన మాట. ఇట్లాంటి ప్రశ్నే నాకు పదకొండేళ్లప్పుడు ఇంకొకాయన అడిగాడు. ఆయనకు నేను చెప్పిన జవాబు గుర్తొస్తే, ఇంత వయసొచ్చాక కూడా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

మాది కోడుమూరు దగ్గర ఒక సంత ఊరు. ముందు నాయన కిరాణా అంగడి, వెనక ఇల్లు, ఇంటి వెనక పెరడు. పెరటి గోడకు అవతల సాయిబు తాత కొట్టం. ఆయన మాకు చుట్టం కాదు గానీ ఆ వీధి పిల్లలందరికీ తాతే. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. గుర్రాలతో బతికేవాళ్లు అరవకూడదట, అరిస్తే మన భయం వాటికి అంటుకుంటుందట.

అంగడిలో ఎప్పుడూ బెల్లం, ఎండుమిరపకాయలు, గోనెసంచులు కలిసిన వాసన. పెరట్లోకి వస్తే ఉలవలు ఉడికే వాసన, ఆముదం పట్టించిన తోలు వాసన, గుర్రపు లద్దె వాసన. అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. నాకు ఆ వాసనే ఇష్టం. "ఇది మన ఇంట్లో పుట్టాల్సింది కాదు, ఆ కొట్టంలో పుట్టాల్సింది," అనేది మా జేజి, అంటే నాయన తల్లి. అని నవ్వేది కూడా. తాత మీద ఆమెకు గౌరవం ఉండేది.

కొట్టంలో ఉండేది ఒకటే గుర్రం. ఎర్రటి మగగుర్రం, నుదుట తెల్లటి మచ్చ. ఊళ్లో జట్కాలకు కట్టేవి ఆడగుర్రాలు, లేదంటే విత్తులు కొట్టిన గుర్రాలు. మగగుర్రాన్ని మగగుర్రంగానే ఉంచి, బజారులో జనం మధ్య నడిపించడం అందరి వల్లా అయ్యే పని కాదు. ఆడగుర్రం వాసన తగిలిందంటే అది మనిషిని లెక్కచేయదు. కొరుకుతుంది, ముందు కాళ్లతో కొడుతుంది, పగ్గం పట్టుకున్నవాణ్ణి ఈడ్చుకుపోతుంది. అట్లాంటిదాన్ని తాత పెళ్లి ఊరేగింపులకు నడిపేవాడు. చుట్టుపక్కల ఊళ్ల పెళ్లికొడుకులు దాని మీదే ఎక్కేవాళ్లు. ఒక్కరికి గోరంత దెబ్బ తగల్లేదు.

ఎట్లా సాధించాడో నేను కళ్లారా చూశాను. దాన్ని ముందూ వెనకా రెండు తాళ్లతో కట్టేవాడు, అగాడి పిఛాడి అనేవాడు వాటిని. పొద్దున్నే వంకలోకి తీసుకుపోయి, మోకాలి లోతు ఇసుకలో దాని ఒంట్లో పొగరు దిగేదాకా తిప్పేవాడు. పెళ్లిళ్ల కాలం రాబోతుందంటే డప్పులవాళ్లను పిలిపించేవాడు. మొదటి రోజు వాళ్లు ఊరి చివర వాయించాలి, ఇక్కడ గుర్రం ముందు ఉడికిన ఉలవలు. రెండో రోజు ఇంకొంచెం దగ్గర, మళ్లీ ఉలవలు. వారం తిరిగేసరికి డప్పు దాని చెవి పక్కనే మోగినా బానలోంచి తల ఎత్తేది కాదు. కోపమొచ్చిన రోజు తాత గుర్రం దగ్గరికే పోయేవాడు కాదు. గోడ మీద కూర్చుని బీడీ తాగి, చల్లబడ్డాక పోయేవాడు.

నేను అంగడిలో బెల్లం ముక్క కాజేసి గోడ దూకేదాన్ని. నాయనకు తెలుసేమో, తెలియనట్టుండేవాడు. మొదటిసారి అరచేతిలో పెట్టి గుర్రం మూతి దగ్గరికి చాచితే తాత నా మణికట్టు పట్టుకున్నాడు.

"చేత్తో పెట్టగూడదు పాపా. ఈ పొద్దు బెల్లం కోసరం చెయ్యి చూస్తాది. రేపు బెల్లం లేదంటే చెయ్యే కొరుకుతాది. బానలో ఎయ్యి," అన్నాడు.

బానలోనే వేశాను. అట్లా వేసీ వేసీ దానికి నేను అలవాటయ్యాను. నా గొంతు వినబడితే చెవులు ముందుకు పెట్టేది. ఊళ్లో ఇంకే పిల్లకూ దాని భుజం దాకా పోయే అనుమతి లేదు. నాకు ఉంది. నేను శానా గొప్పగా తిరిగేదాన్ని.

కొట్టంలో రెండు మేకులకు, గుర్రం తలకు బిగించే తలకట్లు రెండు వేలాడుతుండేవి. ఒకటి నల్ల తోలుది, రోజూ నూనె పట్టించి మెరిసేది. ఇంకొకటి ఎర్ర ఉన్నితో అల్లింది, దాని గదవ కింద చిన్న ఇత్తడి గంట. వంకకు పోయినా, ఊరేగింపుకు పోయినా నల్లదే. ఆలూరు వైపు నుంచో ఇంకెక్కడి నుంచో జట్కావాళ్లు ఆడగుర్రాన్ని తోలుకొచ్చిన రోజు మాత్రం ఎర్రది కట్టి, వంక అవతల కూలిపోయిన మట్టిగోడల దగ్గరికి తీసుకుపోయేవాడు. ఎప్పుడూ అదే చోటు, అదే తలకట్టు, అదే గంట. నల్లది కట్టి ఉంటే పక్క నుంచి ఆడగుర్రం పోయినా అది తల తిప్పేది కాదు. నల్ల తోలుకు సన్యాసి, ఎర్ర ఉన్నికి పెళ్లికొడుకు అని బజారులో మగవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. ఎగతాళి చేస్తూనే అది చూడ్డానికి పనిగట్టుకుని వచ్చేవాళ్లు.

ఎర్ర తలకట్టు బయటికొచ్చిన రోజు ఆడపిల్లల్ని ఇళ్లలోకి తోలేవాళ్లు. ఎందుకో ఎవరూ చెప్పరు. అడిగితే జేజి, "నీకెందుకే, పోయి శెనక్కాయలు ఒలుచుపో," అనేది.

మా అక్కకు మైదుకూరు సంబంధం కుదిరింది. తాంబూలాలకు వచ్చినప్పుడు పెళ్లికొడుకు చెల్లెలు కూడా వచ్చింది. నా ఈడుదే, రెండు జడలు, వాటికి కుచ్చులు. దాన్ని మెప్పించాలని నాకు ఒకటే ఆరాటం. ఉగ్గాని, బజ్జీలు తినిపించి, గోడ దగ్గరికి తీసుకుపోయి గుర్రాన్ని చూపించాను. అది పైనుంచి కిందికి చూసి, "గజ్జెలేవి?" అంది.

"దీనికి కట్టరు."

"మా మైదుకూరులో పెండ్లిగుర్రం వస్తాందంటే మూడు వీధుల అవతలికి ఇనిపిస్తాది. మీ గుర్రం మూగదా?"

నేను ఏదో చెప్పబోయాను గానీ అది అప్పటికే వెనక్కి తిరిగింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున్నే తాత దగ్గరికి పోయి, అక్క పెళ్లికి గుర్రానికి గంట కట్టమని పట్టుబట్టాను.

తాత నవ్వలేదు. చేస్తున్న పని ఆపి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "గంట దానికి ఒక మాట పాపా. ఆ మాటను మనం ఒక్క పనికే వాడుకుంటాం. ఇంకోచోట అంటిమా, అది మనల్ని నమ్మి చేసేది చేస్తాది. అప్పుడు తప్పు దానిది గాదు, అన్నోళ్లది."

"ఏం పనికి తాతా?"

ఆయన దగ్గి, తలపాగా సర్దుకుని, "పెద్దోళ్ల పని లేమ్మా," అన్నాడు.

పెళ్లి రోజు పొద్దున విడిది నుంచి మా ఇంటికి ఊరేగింపు. విడిదిలో పెళ్లికొడుకువాళ్లు ముఖాలు కడుక్కుంటున్నారు. మా ఇంట్లో ఓళిగలు కాలుతున్న వాసన వీధి దాకా వస్తోంది. గుర్రానికి వేయమని అమ్మ నా చేతికి చేమంతుల దండ ఇచ్చి పంపింది. నీళ్లు చల్లిన దండ, లావుగా, తడితడిగా ఉంది. కొట్టంలో తాత లేడు, కొత్త తలపాగా చుట్టుకోవడానికి ఇంట్లోకి పోయాడు. గుర్రం నల్ల తలకట్టుతో తయారుగా ఉంది. ఎర్రది మేకుకు వేలాడుతోంది.

నేను ఎర్ర ఉన్నితాడుతో సహా గంటను విప్పాను. లోపలి నాలుక కదలకుండా దీపం ఒత్తుల పత్తి కుక్కాను. దండ లోపలివైపు పూల మధ్య కట్టేశాను. ఊరేగింపు మా అంగడి ముందుకు వచ్చాక పత్తి లాగేస్తే చాలు, మైదుకూరు పిల్ల వింటుంది. ఇంత ఆలోచించి చేశాను. తొందరపాటు కాదు అది.

తాత వచ్చి దండను మెచ్చుకున్నాడు. "నువ్వే ఎయ్యి పాపా, నీ చేత ఏపిచ్చుకుంటాది," అన్నాడు. నేనే వేశాను.

విడిది నుంచి బజారు దాకా డప్పులు, సన్నాయి. బావ గుర్రం మీద బిగుసుకుని కూర్చున్నాడు. తాత ఎడమ భుజం దగ్గర, ఆయన పక్కన నేను. ఎవరో ఆడామె, పిల్లను అంత దగ్గర నడవనిస్తావేమి సాయిబూ అంటే, "పాపను అది ఎరుగును," అన్నాడు. మా అంగడి ముందు హారతి ఇవ్వడానికి ఊరేగింపు ఆగింది. డప్పులు ఆగాయి. కొంచెం ఎడంగా జట్కాల చావడి, అక్కడ మూడు ఆడగుర్రాలు కట్టేసి ఉన్నాయి. రెండు జడల పిల్ల అరుగు మీద నిలబడి చూస్తోంది. నేను దండ సర్దుతున్నట్టు చెయ్యి పెట్టి పత్తి లాగేశాను.

గుర్రం ఒకసారి తల విదిలించింది. గంట మోగింది.

ఆ చప్పుడుకు దాని ఒళ్లు మొత్తం మారిపోవడం నేను చూశాను. మెడ పైకి లేచింది, ముక్కుపుటాలు విచ్చుకున్నాయి. అది అరిచిన అరుపుకు హారతి పళ్లెం కింద పడింది. గుర్రం రెండు కాళ్ల మీద లేచింది. బావ పక్కకు జారిపోయాడు, ఒక కాలు మాత్రం రికాబులో ఇరుక్కుంది. తాత పగ్గం వదిలేసి ఉంటే ఆయనకు ఏమీ అయ్యేది కాదు. వదల్లేదు. ఒక చేత్తో పగ్గం, ఇంకో చేత్తో బావ కాలు విడిపించేదాకా దాని కాళ్ల కిందే ఉన్నాడు. బావ దుమ్ములో దొర్లి బయటపడ్డాడు. అప్పుడు గుర్రం తాతను ఈడ్చుకుంటూ జట్కాల మీదికి పోయింది. ఒక జట్కా తిరగబడింది. దాని కింద తాత కాలు విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

తాత కింద పడి ఉండగానే చెయ్యి చాచి దండ తెంపాడు. గంటను పిడికిట్లో మూసేశాడు. చప్పుడు ఆగింది. ఆయన ఏదో మెల్లగా అంటూనే ఉన్నాడు, గుర్రం ఒళ్లంతా వణుకుతూ ఆయన పక్కన నిలబడిపోయింది. ఆయన్ను తొక్కలేదు.

జనం మూగారు. నాయన ముఖం ఎర్రగా కందిపోయింది. "నమ్మినాం గదా సాయిబూ. పెండ్లికొడుకు పానం మీదికి తెచ్చినావే. ఎట్లయింది ఇది?"

తాత పిడికిలి చూసుకున్నాడు. తర్వాత తల ఎత్తి జనంలో వెతికాడు. నేను రెండు బారల దూరంలో ఉన్నాను. చేతిలో పత్తి ఉంది. ఆయన చూపు నా మీద ఎంతసేపు ఆగిందో చెప్పలేను. పిడికిలి విప్పి అందరికీ గంట చూపించాడు.

"తప్పు నాదే శెట్టీ. గంట తీసేది నేనే మర్సిపోయినా. ముసలితనం."

అంతే. ఆ ఒక్క మాటతో ఆయన ఇన్నేళ్ల పేరు పోయింది. ఆ గంట ఎందుకో తెలిసిన మగవాళ్లు పళ్లు కొరికారు. మతి లేని ముసలోడని ఒకడు, తాగొచ్చినాడని ఇంకొకడు. జీవితంలో కల్లు ముట్టని మనిషి ఆయన. నేను నోరు తెరిస్తే చాలు. తెరవలేదు.

జేజి నన్ను రెక్క పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయింది. నా వేళ్లకు ఎర్ర రంగు అంటుకుని ఉంది. తడి పూల మధ్య ఉన్ని రంగు వదిలింది. జేజి వేళ్ల వంక చూసింది, గోడ అవతలికి చూసింది. శెనగపిండి తెచ్చి నా వేళ్లు ఒక్కొక్కటే రుద్ది కడిగింది. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"పోయి అక్క పక్కన కూచో. ఎవురన్నా అడిగితే నువ్వు ఇంట్లోనే ఉంటివి," అంది.

పెళ్లి ఆగలేదు. మధ్యాహ్నం నేను నెయ్యి పోసుకుని మూడు ఓళిగలు తిన్నాను. దుఃఖంతో తినలేకపోయానని రాసుకోవచ్చు గానీ అది అబద్ధం. ఆకలేసింది, తిన్నాను.

తాత కాలికి వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టారు. బజారు పెద్దలు కూర్చుని, ఇంక ఈ ఊళ్లో మగగుర్రం తిరగకూడదని తేల్చారు. పశువుల డాక్టరు వచ్చి దాని విత్తులు కొట్టాడు. తాత మంచం మీది నుంచి కబురు పంపాడట, నల్ల తలకట్టే కట్టండి, ఎర్రది మాత్రం కట్టొద్దు, ఆ మాటను దానికి అట్లా చెయ్యొద్దు అని. ఎవరూ పట్టించుకోలేదు. చేతికి ఏది దొరికితే అది కట్టారు. గోడకు ఇవతల నిలబడి నేను దాని అరుపు విన్నాను.

పది రోజుల తర్వాత ధైర్యం చేసి గోడ దూకాను. చెప్పేద్దామనే పోయాను, వక్కపలుకంత కూడా అబద్ధం లేదు ఇందులో. తాత నులక మంచం మీద పడుకుని ఉన్నాడు. నన్ను చూసి దిండు కింద నుంచి చక్కెర బిళ్ల తీసి ఇచ్చాడు. నేను బిళ్ల బుగ్గన పెట్టుకున్నాను. తర్వాత ఆయనే, కోపం లేని గొంతుతో, బడిలో ఏం చెప్పారని అడిగినంత మామూలుగా అడిగాడు.

"పాపా, గంట మోగితే బాగుండెనా నీకు?"

నాకు తలుపు తెరిచి పెట్టాడాయన. లోపలికి అడుగు పెడితే చాలు.

"ఏం గంట తాతా?" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో తిట్టు లేదు. ఆడగుర్రం పోతుంటే తల తిప్పని ఎర్ర గుర్రాన్నీ, దాని భుజం దాకా పోయే నన్నూ మెచ్చుకోలుగా చూసేవాడే, ఆ చూపు మాత్రం నాకు మళ్లీ దొరకలేదు.

"ఏం లేదులేమ్మా. ఊరికే అడిగినా. పోయేటప్పుడు దానికి ఉలవలు ఏసి పో. బానలో ఎయ్యి, చేత్తో పెట్టాకు," అన్నాడు.

ఉలవలు వేశాను. గుర్రం నా గొంతుకు చెవులు ముందుకు పెట్టలేదు.

ఆ ఎండాకాలమే తాత కుంటుకుంటూ ఆదోనిలో కూతురి దగ్గరికి పోయాడు. గుర్రాన్ని ఇసుక బండివాడు తోలుకుపోయాడు. ఆ బండి వీధిలో ఎదురుపడితే నేను పక్క సందులోకి తిరిగేదాన్ని. తర్వాత తాత అక్కడే చనిపోయాడని ఎవరో అంటే విన్నాను.

బావ ఈ కథను ప్రతి శుభకార్యంలోనూ చెప్పేవాడు. గంట మర్చిపోయిన సాయిబు, రికాబులో తన కాలు, జట్కా మీద పడ్డ గుర్రం. తాత గొంతును అనుకరించి "ముసలితనం శెట్టీ" అనేవాడు. అందరూ పడీపడీ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు బావ లేడు, అక్క లేదు, జేజి ఎప్పుడో పోయింది. నిజం చెబితే బాధపడేవాళ్లు ఎవరూ మిగల్లేదు. నిజం చెప్పాల్సిన మనిషీ మిగల్లేదు.

చిన్నపిల్లను, ఆ గంట ఎందుకో నాకు ఎవరూ చెప్పలేదు కదా అని ఎన్నోసార్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అదీ నిజం కాదు. శెనక్కాయలు ఒలవమని తోలిన రోజుల్లో ఒకరోజు నేను వంక గట్టు మీది తంగేడు పొదల చాటుకు పోయి చూశాను. గంట మోగడం, గుర్రం అరవడం, తర్వాత జరిగింది, అంతా చూశాను. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. జట్కాల చావడిలో ఏ గుర్రాలున్నాయో కూడా తెలుసు. తాత ఎట్లాగూ ఆపుతాడులే అనుకున్నాను. ఆయన ఆపాడు కూడా, కాలు విరగ్గొట్టుకుని.

మండపం ముందు ఆ మనిషి ఇంకా నా ముఖం వంకే చూస్తున్నాడు. ముసలామెకు చెవుడేమో అనుకున్నట్టుంది. పట్టీని ఇంకోసారి గట్టిగా ఆడించి, "గజ్జెలవ్వా, గజ్జెలు. బాగుండాయా?" అన్నాడు.

"బాగుండాయి," అన్నాను. "నేనే కడితిని తాతా. మోగినప్పుడు శానా బాగుండె."

అతను అయోమయంగా నవ్వి, లోపల నాకోసం ఎవరో వెతుకుతున్నారని చెప్పి, పెళ్లికొడుకును ఎక్కించడానికి గుర్రాన్ని అటు తిప్పుకున్నాడు.